సుబ్బమ్మగారి వెంట కోటకూ, ఎమ్మిగనూరుకూ

ఆదోని వెళ్ళి వచ్చానని చెప్పగానే మా బళ్ళో తోటి పంతులమ్మలు వేసిన ప్రశ్న ఒకటే: "అక్కడ చూడ్డానికి ఏముందమ్మా?" కాశీ వెళ్ళానంటే ఎవరూ అలా అడగరు. మద్రాసు వెళ్ళానంటే ఏం కొనుక్కొచ్చావని అడుగుతారు. ఆదోని అనేసరికి మాత్రం జాలిగా చూశారు. నేను రెండు మూడుసార్లు నోటితో చెప్పబోయాను. సగంలోనే గంట కొట్టేసేవారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. గంటలతో పనిలేకుండా ఎవరికి తీరినప్పుడు వాళ్ళు చదువుకోవచ్చు.

మేం ముగ్గురం స్నేహితురాళ్ళం. గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ కలిసి చదువుకున్నాం. నేను తెనాలిలో పంతులమ్మను. కామాక్షి నెల్లూరులో ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. రుక్మిణి మా ముగ్గురిలోకీ బాగా చదివేది. కానీ ఒక్కరోజు కూడా పాఠం చెప్పలేదు. పరీక్షలైన నెలకే ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే రంగయ్య శెట్టిగారితో పెళ్ళయింది. అప్పటినుంచి పదహారేళ్ళుగా మా స్నేహమంతా పోస్టుకార్డుల మీదే నడిచింది. ఈ ఏడు ఆమె రాసిన కార్డులో రెండే వాక్యాలున్నాయి. "దసరా సెలవుల్లో మీ ఇద్దరూ రావాలి. రాకపోతే ఇక నేను ఉత్తరాలు రాయను."

రుక్మిణి అన్నంత పనీ చేసే మనిషి. పండగ వెళ్ళిన మర్నాడే నేను బయల్దేరాను. గుంతకల్లులో కామాక్షి కలిసింది.

ఆదోనిలో ఒక చెంబు నీళ్ళు

ఆదోని స్టేషన్లో దిగేసరికి బాగా పొద్దెక్కింది. జట్కా ఎక్కి ఊళ్ళోకి వెళ్తుంటే నాకు మొదట వింతగా తోచినవి ఇళ్ళు. మా వైపు ఇంటికి చూరు లేకపోతే ఇల్లని అనరు. ఇక్కడ అన్నీ రాతి గోడలు, చదును మిద్దెలు. ఆ మిద్దెల మీద వేరుశెనక్కాయలు, మిరపకాయలు, బట్టలు, పిల్లలు, అన్నీ కలిసి ఎండుతున్నాయి. ఊరి వెనక కొండలు. కొండలంటే చెట్లు కప్పిన పచ్చటి కొండలు కావు. ఎవరో పెద్ద పెద్ద బండలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో పని ఆపి వెళ్ళిపోయినట్టున్నాయి. వాటి మీద కోటగోడ పాము పాకినట్టు కనిపిస్తోంది. జట్కావాడు గుర్రంతో ఉర్దూలో, ఎదురు బండివాడితో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడాడు. మూడింటిలోనూ సమానంగానే కోప్పడ్డాడు.

రుక్మిణి గుమ్మంలోనే నిలబడి ఉంది. కాస్త లావయింది. మోకాళ్ళ నొప్పులని కార్డుల్లో రాస్తూనే ఉండేది. మమ్మల్ని చూడగానే, "వచ్చినారా! నిజంగా వచ్చినారా!" అంది. ఆ 'వచ్చినారా'కు కామాక్షి పకపకా నవ్వింది. గుంటూరులో యాసల మీద వెక్కిరింపులన్నీ రుక్మిణివే కదా మరి!

నా మొదటి తప్పు అక్కడే జరిగింది. వాకిట్లో రాగి గంగాళం నిండా నీళ్ళున్నాయి. మా ఊళ్ళో కాలవ గట్టు మీద పెరిగినదాన్ని నేను. రెండు చెంబులు కాళ్ళ మీద, ఒక చెంబు మొహం మీద గుమ్మరించుకుని, నాలుగో చెంబు ముంచబోయాను. లోపలినుంచి ఒక గొంతు వినబడింది.

"చాలు తల్లీ! ఆ నీళ్ళతో ఈ ఇంట్లో నలుగురు తలలు తడుపుకుంటారు."

గడప అవతల ఒక ముసలావిడ నిలబడి ఉన్నారు. సన్నగా, నిటారుగా. ఆవిడే రుక్మిణి అత్తగారు సుబ్బమ్మగారు. ఈ ఊళ్ళో నీళ్ళు బండ్ల మీద తెచ్చుకునే సరుకని నాకు అప్పటికి తెలియదు. సిగ్గుతో చెంబు కింద పెట్టేశాను. ఆవిడ కోప్పడలేదు. "ఉగ్గాని సల్లారిపోతాది, రాండి" అన్నారు.

ఉగ్గాని గురించి చెప్పాలి. బొరుగులు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసంతో తాళింపు వేస్తారు. పైన పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలు చిన్నపిల్లలకు కాలక్షేపం. ఇక్కడ అవే పెద్దవాళ్ళ కడుపు నింపుతాయి. హోటల్లో ఇదే పళ్ళెం అణా ఉండేదట. యుద్ధం వచ్చాక రెండణాలైందట. నేను మూడు పళ్ళేలు తిన్నాను. కామాక్షి నాలుగు తిన్నది గానీ ఒప్పుకోదు.

అయితే తినడం వసారాలోనే. వంటింటి గడప మమ్మల్ని దాటనివ్వలేదు. సుబ్బమ్మగారి మడి అలాంటిది. తడిబట్ట ఆరేదాకా రుక్మిణిని కూడా దగ్గరికి రానివ్వరు. ఆ ఇంట్లో ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరు ముట్టిన నీళ్ళూ ఆవిడ తాగగా తను చూడలేదని రుక్మిణి చెప్పింది.

సాయంత్రం శెట్టిగారు వచ్చారు. నెమ్మదైన మనిషి. మమ్మల్ని బాగానే పలకరించారు. మేం కోట ఎక్కాలనుకుంటున్నామని రుక్మిణి చెప్పగానే మాత్రం ముఖం కాస్త బిగిసింది.

"అది మొగోళ్ళకే కష్టమమ్మా. ఇంగ నీ మోకాళ్ళతో నువ్వెట్ల ఎక్కుతావు రుక్మిణీ? మంత్రాలయం పోయిరాండి. స్వామి దర్శనం అవుతాది, ఏట్లో స్నానం అవుతాది. మనిషిని తోడిస్తా."

"గుళ్ళు మా నెల్లూరులోనూ ఉన్నాయండీ," అంది కామాక్షి. ఆమెకు బళ్ళో ఇన్‌స్పెక్టర్లతో మాట్లాడి అలవాటు. "మేం కోట చూడ్డానికి వచ్చాం."

శెట్టిగారు రుక్మిణి వైపు చూశారు. రుక్మిణి తల వంచలేదు. "పదహారేండ్లుగా మిద్దె మీదినుంచి చూస్తాండాను. ఒక్కసారి ఆడినుంచి ఈ మిద్దెను చూడల్ల," అంది.

"ఇంటి ఆడోళ్ళు కొండలెక్కి తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? అమ్మేమనుకుంటాది?"

అప్పుడు వంటింటి గడప దగ్గరినుంచి సుబ్బమ్మగారు అన్నారు: "అమ్మ ఏమనుకుంటాదో అమ్మను అడుగు రంగా. తొమ్మిదో ఏట వచ్చినా నేను ఈ ఇంటికి. యాబై ఆరేండ్లాయ. ఆ కొండ ముందర ఎన్ని ఒడియాలు పెట్టినానో, ఎన్ని శెనక్కాయలు ఆరబోసినానో. ఒక్కనాడన్నా దాని మీద కాలు పెట్టినానా? రేపు నేనూ వస్తా."

 

కోట మీదికి

మర్నాడు తెల్లవారుతూనే కొండ కిందికి చేరాం. తల్లి కోసం శెట్టిగారు డోలీ మాట్లాడారు. తోడుగా హనుమంతప్ప అనే గుమాస్తాను పంపారు. ఆయన యాభై దాటిన మనిషి. ఉత్తరీయం తలకు చుట్టుకుని, మమ్మల్ని కాపాడే బరువంతా తనదే అన్నట్టు ముందు నడిచాడు.

డోలీ మనుషులు కూర్చోమంటే సుబ్బమ్మగారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "దీంట్లో బువ్వ బుట్ట పెట్టండప్పా," అన్నారు. "నన్ను నలుగురు మోసేకాలం ఎట్లాగూ వస్తాది. అంతవరకు నడుస్తా."

దారి మొదట్లో మెట్లలాగే ఉంటుంది. తర్వాత బండలే మెట్లు. ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి కాలు చాచాలి. మొదటి ద్వారం దగ్గర అందరం నవ్వుకుంటున్నాం. రెండో ద్వారం దగ్గర హనుమంతప్ప గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "మీరు పోయిరాండమ్మా, నేను ఈడ కాపలా ఉంటా," అన్నాడు. దేనికి కాపలా అని ఎవరం అడగలేదు.

అక్కణ్ణుంచి అసలు ఎక్కడం మొదలైంది. రుక్మిణి ప్రతి పది అడుగులకూ ఆగుతోంది. మోకాలి మీద చేత్తో నొక్కుకుని, పెదవి కొరుక్కుని, మళ్ళీ లేస్తోంది. ఒకచోట రెండు బండల మధ్య కాలు పెట్టడానికి చోటు లేదు. కామాక్షి పైనుంచి చెయ్యి అందించింది. నేను కిందనుంచి నెట్టాను. రుక్మిణి సగంలో ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు.

"సీతా, నావల్ల కాదే. ఆయన చెప్పిందే నిజం. మీరు పోండి."

నేను ఏమనాలో ఆలోచించేలోపు, మాకన్నా పైన ఒక బండ మీద కూర్చుని ఉన్న సుబ్బమ్మగారు వెనక్కి తిరిగారు. అరవై అయిదేళ్ళ మనిషి. చెప్పులు తీసి కొంగున కట్టుకున్నారు.

"రుక్కూ," అన్నారు. "కూసోని ఏడ్సు. ఎంతసేపు కావల్లంటే అంతసేపు ఏడ్సు. నేను ఆగుతా. నువ్వు లేకుండా నేను పైకి పోను, పైకి పోకుండా కిందికీ పోను. ఆ తర్వాత నీ ఇష్టం."

రుక్మిణి ఏడవలేదు. ఏడుపు, నవ్వు రెండూ కాని ఒక శబ్దం చేసింది. నేను నెట్టాను, కామాక్షి లాగింది, పైకి వచ్చేసింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. కొంగు చిరిగింది.

మరో ద్వారం దగ్గర కొండముచ్చులు మా కోసం కాచుకుని ఉన్నట్టున్నాయి. డోలీ కింద దింపారో లేదో బుట్ట మీద పడ్డాయి. ఓళిగలన్నీ పోయాయి. ఓళిగలంటే మా బొబ్బట్లే. ఇక్కడ ఇంకా పల్చగా, పెద్దగా చేస్తారు. మిగిలినవి జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఒక ముంత మజ్జిగ. "తీపి తినేదానికే వచ్చినాయి సూడు, జొన్నరొట్టె ముట్టుకోల్యా," అని సుబ్బమ్మగారు చాలాసేపు నవ్వారు. ఆవిడ పళ్ళు నాకు కనిపించింది అదే మొదటిసారి.

పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. కూలిన గోడలు, చిన్న కొలను, గాలి. ఆ గాలికి మాటలు నోట్లోనే కొట్టుకుపోతున్నాయి. కింద ఊరు మొత్తం ఒక పళ్ళెంలో పెట్టినట్టుంది. పెద్ద మసీదు మినార్లు, పత్తి మిల్లుల గొట్టాలు, అగ్గిపుల్లల వరస లాంటి రైలు. ఊరు దాటాక నల్లరేగడి. దాని మీద ఏపుగా పెరిగిన జొన్న, పసుపు పూలు పూసిన పత్తి. ఎటు చూసినా ఒక కాలవ లేదు, ఒక కొబ్బరి చెట్టు లేదు. మా కృష్ణ ఒడ్డు మనిషికి ఆ బయలు చూస్తే గుండె కొంచెం జారుతుంది. కానీ అంత దూరం ఒక్క చూపులో నేను ఎన్నడూ చూడలేదు. మా ఊళ్ళో చెట్లు అడ్డం వస్తాయి.

రుక్మిణి తన ఇంటి మిద్దె వెతుక్కుంది. చాలాసేపటికి దొరికింది. "అంత చిన్నదా!" అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట అంది.

సుబ్బమ్మగారు ఇంటి వైపు చూడలేదు. డోలీ మనిషిని దిక్కు అడిగి, ఈశాన్యం వైపు తిరిగి కూర్చున్నారు. రొట్టె చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయి చూస్తున్నారు. అటు నల్లటి చేలు తప్ప ఏమీ లేదు.

"అత్తమ్మా, ఏం చూస్తాండారు?" అంది రుక్మిణి.

"రేపు ఎమ్మిగనూరు పోదాం," అన్నారు ఆవిడ.

బొగ్గు బస్సు

ఎమ్మిగనూరు సుబ్బమ్మగారి పుట్టిల్లు. తల్లిదండ్రులు పోయాక అన్నగారు బళ్ళారిలో కొట్టు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైన ఆవిడ అక్కడికి వెళ్ళలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర శెట్టిగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే: "ఆడ మనోళ్ళు ఎవరుండారమ్మా ఇప్పుడు?"

"నావాళ్ళు ఉండారు," అన్నారు తల్లి.

పెట్రోలంతా యుద్ధానికి పోతోంది కనక బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బస్సు వెనక ఒక ఇనప పీపా ఉంటుంది. దాంట్లో బొగ్గు మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. బయల్దేరే ముందు ఒక మనిషి అరగంట సేపు చక్రం తిప్పి గాలి కొట్టాలి. వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళ తెల్లబట్టలు రెండు మైళ్ళలో బూడిదరంగుకు వస్తాయి. మాకు వెనక బెంచీయే దొరికింది.

డ్రైవరు పేరు మస్తాన్. ఎత్తు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి, "దిగండమ్మా, దయచేసి దిగండి. దీనికి దమ్ము సాలడంలేదు," అనేవాడు. అందరం దిగి నడిచేవాళ్ళం. ఎత్తు మీద బస్సు మా కోసం ఆగేది. ఇలా మూడుసార్లు. కామాక్షి అంది: "మనం బస్సులో వెళ్తున్నామా, బస్సును సాగనంపడానికి వెళ్తున్నామా?"

సగం దారి దాటాక ఒక వాగు అడ్డం వచ్చింది. ఇక్కడ వంక అంటారు. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది. ఎర్రటి నీళ్ళు జోరుగా పారుతున్నాయి. మస్తాన్ దిగి, నీళ్ళలో కర్ర గుచ్చి చూసి తల ఊపాడు.

"మోకాలి దాకా ఉండాయి. పీపాలోకి నీళ్ళు పోతే అంతే సంగతులు. నీళ్ళు తగ్గేదాకా ఆగల్ల. తగ్గకుంటే ఎనక్కి పోవల్ల."

కొందరు చెట్టు నీడన పడుకున్నారు. సుబ్బమ్మగారు మాత్రం వంక ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు. రుక్మిణి దగ్గరికి వెళ్ళింది.

"అత్తమ్మా, తిరిగి పోదాం. ఇంకోసారి వద్దాంలే."

"ఇంకోసారా?" అన్నారు ఆవిడ. "ఇరవై ఏండ్లుగా ఆ మాటే అనుకుంటి. ఆమె ఉండాదో పోయిందో గూడా నాకు తెల్దు."

"ఎవరు?"

"ఈరమ్మ."

అప్పుడు చెప్పారు. ఈరమ్మ నేతవాళ్ళ పిల్ల. సుబ్బమ్మగారి పుట్టింటి వెనక సందులో ఇల్లు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా పొద్దున లేస్తే ఒకళ్ళ వెంట ఒకళ్ళు. పెళ్ళయి ఆదోని వచ్చాక కూడా పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా కలిసేవారు. పుట్టిల్లు పోయాక వెళ్ళడానికి సాకు లేకపోయింది. "స్నేహితురాలిని చూసొస్తానని ఆడమనిషి ఇల్లు దాటేదానికి ఉండాదా? గుడి అంటే పంపుతారు. పెండ్లి అంటే పంపుతారు, సావు అంటే పంపుతారు. మీరిద్దరూ రైలెక్కి రుక్కు కోసం వచ్చింది సూసినాక నా మనసు ఆగల్యా."

ఇంకా ఏదో ఉందని ఆవిడ మొహం చెబుతోంది. కానీ అక్కడ అంతకన్నా చెప్పలేదు.

కామాక్షి చీర కుచ్చెళ్ళు పైకి దోపింది. "మోకాలి లోతే కదా," అంది. నలుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగాం. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కింద రాళ్ళు జారుతున్నాయి. మధ్యలో నా కుడికాలి చెప్పు కొట్టుకుపోయింది. మస్తాన్ ఒడ్డు మీదినుంచి "వద్దమ్మా, వద్దు" అని అరుస్తూనే తనూ దిగి సుబ్బమ్మగారి రెండో చెయ్యి పట్టుకున్నాడు. మమ్మల్ని అవతలి ఒడ్డుకు చేర్చి, "నా సర్వీసులో ఇట్లాంటి పాసింజర్లను సూడల్యా," అంటూ మళ్ళీ నీళ్ళలో దిగి బస్సు దగ్గరికి వెళ్ళాడు.

అవతల నల్లరేగడి. ఒక్క అడుగు వేస్తే పాదానికి అరశేరు మట్టి అంటుకుంటుంది. రెండో అడుగుకు శేరు. పోయిన చెప్పు గురించి ఇక బాధపడలేదు. మిగిలినదాన్నీ అక్కడే వదిలేశాను. ఒక మైలు అలా నడిచాక వేరుశెనగ బండి ఒకటి కలిసింది. బండితోలే ఆయన హొళగుంద వైపు మనిషి. సగం కన్నడం, సగం తెలుగు. అప్పుడే పీకిన కాయల మీద గోతాలు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎమ్మిగనూరు దాకా పచ్చి శెనక్కాయలు ఒలుచుకుంటూ వెళ్ళాం. బాడిగ ఇవ్వబోతే, "కాయలు తిన్నందుకు తీసుకోవల్లా, కూసున్నందుకు తీసుకోవల్లా?" అని నవ్వి, ఏమీ తీసుకోకుండా బండి తోలుకుపోయాడు.

నేతవాళ్ళ సందు

ఎమ్మిగనూరు నేతకు పేరుపడ్డ ఊరు. సందులోకి అడుగుపెడితే మగ్గాల చప్పుడు చెవులు మూసేస్తుందని రుక్మిణి చెబుతూ వచ్చింది. మేం వెళ్ళేసరికి సందు నిశ్శబ్దంగా ఉంది. నూలు దొరకడం లేదు. పది ఇళ్ళలో ఒక ఇంట్లో మగ్గం ఆడుతోంది. మిగిలిన ఇళ్ళ ముందు మగవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. చేసే పని లేని చేతులు ఎంత వింతగా ఉంటాయో ఆ సందులో చూశాను.

సుబ్బమ్మగారు ఎవరినీ దారి అడగలేదు. రెండుసార్లు తప్పిపోయాం. అయినా అడగలేదు. చివరికి ఒక మట్టి మిద్దె ముందు ఆగారు. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని, చిక్కుపడిన నూలు ఉండను ఓపిగ్గా విప్పుతోంది. నుదుట విభూతి. ఆవిడ తలెత్తి మా నలుగురినీ చూసింది. మోకాళ్ళ దాకా నల్లమట్టి, మొహాల మీద బొగ్గు మసి.

"ఎవరమ్మా మీరు? యాడినుంచి?"

"నేనే ఈరీ. సుబ్బిని."

ముసలావిడ చేతిలో నూలు ఆగింది. లేవలేదు. నవ్వలేదు.

"ఆదోనినుంచి ఈడికి పద్దెనిమిది మైళ్ళు," అంది చివరికి. "ఇన్నాండ్లు పట్టిందా సుబ్బీ?"

సుబ్బమ్మగారు అరుగు కింద నిలబడే ఉన్నారు.

"నేను వచ్చినా మీ ఇంటికి," అంది ఈరమ్మ. "నీ కొడుకు పెండ్లి సేసుకొని కోడల్ని తెచ్చుకున్న దినం. సొంతంగా నేసిన సీర సంకలో పెట్టుకొని వచ్చినా. వాకిట్లోనే నిలబెట్టిరి. 'సీర ఈడ ఇచ్చిపో, అమ్మ పనిలో ఉండాది, దిగి రాదు' అనిరి. పొద్దు గుంకేదాకా నిలబడి వచ్చేస్తి. నీకు తెలీదులే అనుకొంటి. తెలిసుంటే దిగి వచ్చేదానివిలే అనుకొంటి."

"నాకు తెలుసు," అన్నారు సుబ్బమ్మగారు.

రుక్మిణి చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"పైకి వచ్చి సెప్పినారు. ఎమ్మిగనూరునుంచి సాలెపామె వచ్చింది, నీ కోసం అంటాంది అని. ఇంటినిండా సుట్టాలు. మా అత్త పక్కనే ఉండె. ఆమె నా మొగం సూసింది. నేను 'పనిలో ఉండానని సెప్పు' అంటి. కిటికీలోనుంచి సూస్తి నిన్ను, నువ్వు తిరిగి పోయేదాకా సూస్తి. ఎవురూ నన్ను కట్టెయ్యల్యా ఈరీ. నేనే దిగల్యా. ఈ మాట నా నోటితో నీకు సెప్పల్లని వచ్చినా. ఇప్పుడు పొమ్మంటే పోతా."

సందులో పక్క అరుగుల మీద మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. నేను పదహారేళ్ళుగా పిల్లలకు క్షమాపణ చెప్పడం నేర్పుతున్నాను. అది ఎలా చెప్పాలో ఆ పూటే చూశాను. సాకు ఒక్కటి కూడా కలపకుండా.

ఈరమ్మ రుక్మిణి వైపు చూసింది. "ఈమేనా కోడలు? ఈమెకే ఆ సీర."

"నాకు తెలియదవ్వా," అంది రుక్మిణి.

"నీకెట్ల తెలుస్తాది? కొత్త పెండ్లికూతురివి, తలొంచుకొని కూసోని ఉంటివి." నూలు ఉండ పక్కన పెట్టి అంది: "ఆ సీర అమ్మేసినాలే. వారంలోనే పోయింది. మంచి సీర."

తర్వాత లోపలికి వెళ్ళి కంచు చెంబుతో నీళ్ళు తెచ్చింది. అరుగు మీద పెట్టలేదు. చేత్తో పట్టుకుని, సుబ్బమ్మగారి ఎదురుగా నిలబడింది.

"మా ఇంట్లో నీళ్ళు తాగుతావా?"

సుబ్బమ్మగారు చెంబు రెండు చేతులతో అందుకున్నారు. గుక్కపట్టి, చివరి చుక్క దాకా తాగారు. తాగి, "ఆకలిగా ఉండాదే ఈరీ," అన్నారు.

అప్పుడు ఈరమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే పొయ్యి ముట్టించింది. జొన్నపిండి తట్టి, రొట్టెలు కాల్చి, గోంగూర పప్పుతో, శెనక్కాయల పొడితో తనతో కలిపి ఐదుగురికీ ఒకేచోట పెట్టింది. హాస్టలు కూడు తిన్న మా ఇద్దరికీ ఎలాంటి పట్టింపులూ లేవు. రుక్మిణి మాత్రం మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు అత్తగారి వైపు చూసింది. ఆవిడ అప్పటికే రెండో రొట్టె మీద ఉన్నారు.

ఆ సాయంత్రమంతా ఆ ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఎవరి కోడిపుంజు ఎవరిని పొడిచింది, ఎవరు ఎవరిని తుంగభద్రలోకి తోశారు, ఏ పాటలో ఏ చరణం ముందు. మేం ముగ్గురం మిద్దె మీద పడుకుని వింటున్నాం. కామాక్షి ఉన్నట్టుండి అంది: "ఏడాదికి ఒకసారి. ఎవరింట్లో ఏమన్నా సరే. వచ్చే దసరాకి నెల్లూరు." రుక్మిణి, "వస్తా," అంది. అడగనీ, చూద్దాంలే అనలేదు. వస్తా అంది.

తిరుగుదారి

మర్నాడు పొద్దున బస్సుకు మేం సిద్ధమయ్యాం. సుబ్బమ్మగారు కాలేదు. మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, ఈరమ్మ దగ్గర అడ్డపోగు నడిపే నాడె విసరడం నేర్చుకుంటున్నారు. ఉన్న కొంచెం నూలూ ఈవిడ పాడుచేస్తోందని ఈరమ్మ అరుస్తోంది.

"మీరు పోండి," అన్నారు సుబ్బమ్మగారు. "నేను కొన్ని దినాలుండి వస్తా. రంగాకు సెప్పు రుక్కూ, ఈ పంతులమ్మలే కాదు, నేనూ సెలవుల్లో ఉండానని."

వంకలో నీళ్ళు తగ్గాయి, బస్సు బాగానే నడిచింది. అత్తగారిని అక్కడ వదిలేసి ముగ్గురమే వచ్చామని శెట్టిగారికి చెప్పాల్సింది రుక్మిణే. ఇంటికి చేరాక కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా కొట్టులోకి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పింది. చీర సంగతీ, కిటికీ సంగతీ, చెంబు సంగతీ. మేం గుమ్మం బయట విన్నాం. శెట్టిగారు కేకలు వెయ్యలేదు. తర్వాత, "రేపు నేను పోయి పిల్సుకొని వస్తా," అన్నారు.

అన్నట్టే పొద్దున వెళ్ళారు. ఆ రాత్రి బండికే మా ఇద్దరి ప్రయాణం. పెట్టెలు సర్దుకుని వసారాలో కూర్చున్నాం. సాయంత్రం బస్సు వచ్చిన చప్పుడైంది. రుక్మిణి గుమ్మంలోకి పరిగెత్తింది.

శెట్టిగారు ఒక్కరే వచ్చారు. తెల్లటి పంచె బూడిదరంగుకు వచ్చింది. నుదుటి మీద మసి.

"అత్తమ్మ ఏరీ?"

"రానంటాంది. వారం దినాలంట. గుంతలో కూసోని మగ్గం ఆడిస్తాంది." ఆయన అరుగు మీద కూలబడ్డారు. "నేను నిలబడే మాట్లాడి వచ్చేద్దామనుకుంటి. ఆ యమ్మ పీట వేసింది. విస్తరి వేసింది. అమ్మ నా మొగమే సూస్తాండాది. ఒక్క మాట అనల్యా. ఊరికే సూస్తాండాది."

రుక్మిణి ఆయన పక్కన కూర్చుంది. మా ఎదుట ఆమె అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"మరి తిన్నారా?"

శెట్టిగారు మా వైపు ఒకసారి, లోపలి వంటింటి గడప వైపు ఒకసారి చూశారు. గొంతు తగ్గించారు.

"మూడు రొట్టెలు," అన్నారు.